పర్మిన్ భుజం

ఆ ఏడు వానలు అక్టోబరు మొదటి వారంలోనే పట్టుకున్నాయి. వానల వెంటే గెలలు. పామాయిల్ చెట్టుకి ఏడాదిలో మూడు నెలలు పిచ్చెక్కుతుంది. ఒక్కో చెట్టుకి మూడేసి నాలుగేసి గెలలు ఒకేసారి ఎర్రబడతాయి. కోసేవాడు ఆగితే పండు రాలిపోతుంది, ఏరేవాళ్లు ఆగితే రాలిన పండు మొలకెత్తుతుంది. ఆ మూడు నెలలూ కంపెనీ కూలీలకిచ్చిన మా లైను ఇళ్లల్లో ఎవరికీ జ్వరం రాకూడదు, పెళ్లిళ్లు పెట్టుకోకూడదు, చావు కూడా ఆదివారం చూసుకునే రావాలి అనేవాడు మా మేస్త్రీ సితోరుస్.

మా ఆయన పర్మిన్ కోత మనిషి. పొడవాటి గెడకి కట్టిన కొడవలితో గెల కోస్తాడు. నేను కింద రాలిన పండ్లు బస్తాకెత్తి, గెలల్ని ఒంటిచక్రం బండిలో వేసుకుని, బోదెల మీద పలకలు దాటించి, రోడ్డు పక్కన పేర్చేదాన్ని. పదకొండేళ్లుగా అదే పని. కంపెనీ హాజరు పట్టీలో మాత్రం నేను లేను. అన్ని గెలలు ఒక్క మనిషి కోసి మోసి తేలేడని తోటలో కోతులకి కూడా తెలుసు. అందుకే పెళ్లాలు వెంట వెళ్లాలి. పెళ్లాలు తోటలోకి రాకూడదని ఆఫీసు గోడ మీద బోర్డు కూడా ఉంది. తనిఖీ వాళ్లు వచ్చిన రోజున మేమంతా బుద్ధిగా ఇళ్లల్లో ఉండేవాళ్లం. వాళ్ల జీపు గేటు దాటగానే మళ్లీ బూట్లు తొడుక్కునేవాళ్లం.

ఆ సీజన్ అయిపోగానే నా సంగతి మారుతుందని సితోరుస్ మాటిచ్చాడు.

"జనవరిలో ఎరువుల గుంపులోకి ఆడవాళ్లని తీసుకుంటారు, బు పర్మిన్. నేనే చెబుతా నీ గురించి. హాజరు పట్టీలోకి ఎక్కుతావు. నీకంటూ టోపీ, బూట్లు. మొగుడి పాత బూట్లలో గుడ్డ కుక్కుకుని తిరిగే బాధ తప్పుతుంది."

మా దగ్గర పెళ్లైన ఆడదాన్ని మొగుడి పేరుతోనే పిలుస్తారు. ముందు 'బు' అని చేరిస్తే నేను, చేర్చకపోతే ఆయన. ఇందులో నాకెప్పుడూ కష్టం అనిపించలేదు. పక్క వరసల్లో పండ్లు ఏరే ఇనా ఫెరి నియాస్ దీవి మనిషి. వాళ్లు ఆడదాన్ని పెద్ద బిడ్డ పేరుతో పిలుస్తారు. ఇనా ఫెరి అంటే ఫెరి వాళ్లమ్మ. నాకు పిల్లల్లేరు. వాళ్ల పద్ధతిలో పిలవాలంటే నాకు పేరే ఉండకపోను.

నవంబరు నెల, పదిహేడో బ్లాకు. పొద్దున ఎనిమిదై ఉంటుంది.

గెల కోసేముందు కోసేవాడు "తప్పుకో!" అని కేక వెయ్యాలి. కిందున్న మనిషి "ఊఁ" అనాలి. ఆ ఊఁ వినబడ్డాకే కొడవలి లాగాలి. పదకొండేళ్లలో ఆ కేకకి నా చెవులకంటే ముందు నా కాళ్లు కదలడం నేర్చుకున్నాయి. ఆ రోజు నా కాళ్లు కదల్లేదు. అందుకే చెబుతున్నాను, ఆయన కేక వెయ్యలేదు.

నేను వంగి పండ్లు ఏరుతున్నాను. వేలికి ముల్లు దిగితే నోట్లో పెట్టుకుంటూ లేచాను. లేవకపోతే నడుం మీద పడేది. మెడకీ కుడి భుజానికీ మధ్య పడింది. పాతిక కిలోల గెల. చప్పుడు నాకు లోపలి నుంచి వినబడింది, ఎండు మట్ట విరిగినట్టు.

ముందు చూసింది ఇనా ఫెరి. బుట్ట పారేసి బోదె గట్టు మీదికి పరిగెత్తింది.

"మేస్త్రీ! బు పర్మిన్‌కి గెల పడింది! బు పర్మిన్‌కి!"

సితోరుస్ అవతలి గట్టున మోటారు సైకిలు మీద ఉన్నాడు. వానకి సగం వినబడిందో, తొందరలో సగమే పట్టుకున్నాడో, రేడియో నోటికి ఆనించుకుని అరిచేశాడు. "పదిహేడో బ్లాకు! పర్మిన్‌కి గెల పడింది. జీపు పంపండి."

పలక దాటి వచ్చాక నన్ను చూశాడు. నేను మట్టిలో కూర్చుని తలగుడ్డ కొంగు పళ్లతో కొరుకుతున్నాను. మా ఆయన గెడ పట్టుకుని అలాగే నిలబడి ఉన్నాడు.

"అయ్యో తల్లీ! నువ్వా!" అన్నాడు సితోరుస్.

అప్పుడే రేడియో గరగరలాడింది. ఆఫీసు నుంచి. "పర్మిన్ అంటే పదకొండు నలభై మూడు నంబరు, కోత మనిషే కదా? రాసేసుకుంటున్నాను."

సితోరుస్ రేడియో వంక చూశాడు. నా వంక చూశాడు. ఆ తర్వాత మా ఆయన వంక చాలాసేపు చూశాడు. ఇనా ఫెరి నోరు తెరవబోయింది.

"నువ్వు మూసుకో," అన్నాడు ఆమెతో. మీట నొక్కి, "అవును, అతనే," అన్నాడు.

"అదేంటి మేస్త్రీ?" అంది ఇనా ఫెరి.

"ఏంటంటే, కంపెనీ మనిషికి తగిలితే అది ప్రమాదం. కంపెనీ మనిషి కాని మనిషికి తగిలితే అది నేరం. పెళ్లాన్ని తోటలోకి తెచ్చినందుకు వీడి పని పోతుంది. పనితో ఇల్లు పోతుంది. చూస్తూ ఊరుకున్నందుకు నాది పోతుంది. ఆ తర్వాత నీ మొగుడిది. సరేనా? ఇంకేమైనా అడుగుతావా?"

ఆమె ఇంకేమీ అడగలేదు. "అర్థమైంది," అన్నాడు మా ఆయన. నన్నెవరూ అడగలేదు.

"చొక్కాకి బురద పూసుకో పర్మిన్. చెయ్యి పట్టుకో. మూలుగు. ఎడమది కాదయ్యా బాబూ, కుడిది! నీ పెళ్లాన్ని చూసి పట్టుకో!"

జీపులో ముందు సీటు ఆయనకిచ్చారు. దెబ్బ తగిలిన మనిషి కదా. తోడు వెళుతున్న పెళ్లాన్ని కాబట్టి నేను వెనక చెక్క బల్ల మీద కూర్చున్నాను. తోట రోడ్డులో ఎన్ని గుంతలున్నాయో ఆ రోజు నా ఎముక చెప్పింది.

తోట ఆసుపత్రిలో కాంపౌండరు హలీం మంచివాడే. సితోరుస్ ముందే వచ్చి చెవిలో వేశాడు. హలీం తలుపు మూసి, నన్ను బల్ల మీద కూర్చోబెట్టి భుజం తడిమి చూశాడు. ఫారం తీశాడు.

"పేరు?"

"వార్సిని," అన్నాను.

"అది కాదమ్మా," అన్నాడు మెల్లగా.

"పర్మిన్," అన్నాడు మా ఆయన.

వయసు నలభై నాలుగు, మగ, బరువు అరవై రెండు. అన్నీ ఆయనవే. బీపీ మాత్రం నాది చూసి రాశాడు. ఆ కాగితంలో నాదంటూ ఉన్నది అదొక్కటే.

"ఆరు వారాలు ఈ చెయ్యి కదలకూడదు," అన్నాడు హలీం. "నీళ్లు తోడొద్దు, బట్టలు పిండొద్దు, బరువెత్తొద్దు. ఎముక తిన్నగా అతుక్కుంటే చెయ్యి చెయ్యిలా ఉంటుంది. లేదంటే జడ వేసుకోడానికి కూడా పైకి లేవదు. పట్నంలో ఎక్స్‌రే ఫోటో తీయిస్తే బాగుండేది. కానీ అక్కడ ఆడో మగో చూస్తారు కదా." చివరి మాట నవ్వించడానికి అన్నాడు. ఎవరూ నవ్వలేదు. "నువ్వు కూడా ఆరు వారాలు, పర్మిన్. ఈ పట్టీ మెడలో వేసుకుని ఇంట్లోనే ఉండాలి."

చెయ్యి వేలాడేసుకునే ఆ ఖాకీ గుడ్డ పట్టీ రోగికి ఒకటే ఇస్తారు. అది మా ఆయన మెడలో పడింది. నా చేతికి ఇంటికి వెళ్లాక మా అమ్మ ఇచ్చిన పొడవాటి సెలెందాంగ్‌తో ఆయన కట్టు కట్టాడు. బిడ్డని నడుం మీద కట్టుకునే గుడ్డ అది. నా పెళ్లికని అమ్మ రంగులు అద్దించింది. అంతవరకు మడత విప్పలేదు.

మొదటి వారం ఆయన బాగానే చూసుకున్నాడు. పొద్దున్నే లేచి అన్నం వండేవాడు. ఇంటి వెనక తలుపు వేసుకుని బట్టలు పిండేవాడు. దువ్వెనతో నా జుట్టు చిక్కు తీయబోయి, కుదరక, మెడ వెనక రబ్బరు బ్యాండు వేసేవాడు. కేక వెయ్యలేదన్న మాట అప్పుడు అంటాడేమో అనుకున్నాను. నా వెనక నిలబడినప్పుడు, ఒకరి మొహం ఒకరికి కనబడదు కదా, అప్పుడు చెప్పడం తేలిక. ఆయన అనలేదు. నేనూ అడగలేదు. అడిగి రాబట్టుకుంటే అది వేరే మాట అయిపోతుంది.

తర్వాత చూడ్డానికి జనం రావడం మొదలైంది.

లైనులో ఎవరికి దెబ్బ తగిలినా సాయంత్రం పూట చూసి రావడం మా అలవాటు. అరటిపళ్లో, ఉడకబెట్టిన కర్రపెండలమో పట్టుకొస్తారు. చాప మీద కూర్చుంటారు. తియ్యటి టీ పొయ్యాలి. గుమ్మంలో చెప్పుల చప్పుడవగానే నేను సెలెందాంగ్ విప్పి మంచం కిందకి తోసేదాన్ని. ఆయన ఖాకీ పట్టీ వేసుకుని గోడకి దిండు ఆనించుకునేవాడు. నేను కెటిల్ ఎత్తి, ఎనిమిది గ్లాసుల్లో టీ పోసి, పళ్లెం రెండు చేతులా పట్టుకుని వంగి అందరికీ అందించేదాన్ని. ఒంటి చేత్తో ఇస్తే మర్యాద కాదు. వంగినప్పుడు ఎముకలో ఎముక రాసుకునేది.

"ఎలా పడింది పాక్ పర్మిన్?" అని అడిగేవాళ్లు. మర్యాదకి ఆడవాళ్లకి బు, మగవాళ్లకి పాక్.

మొదట్లో ఆయన, "ఏముంది, పడింది," అని ఊరుకునేవాడు. జనం రావడం మొదలైన నాలుగో రోజుకి గెల బరువు చెప్పాడు. ఆరో రోజుకి గాలి వీచింది. ఎనిమిదో రోజుకి కళ్లలో దుమ్ము పడింది, బురదలో కాలు జారింది, తల పక్కకి తిప్పబట్టి సరిపోయింది, లేకపోతే తలే పోయేది.

"దేవుడున్నాడు," అనేవాళ్లు.

"నాకు మెరుపు మెరిసినట్టు కనబడింది," అనేవాడు ఆయన. "చప్పుడు బయటి నుంచి కాదు. లోపలి నుంచి వినబడింది."

ఆ మాట నాది. దెబ్బ తగిలిన మూడో రోజు పడుకోబోతూ నేను ఆయనకి చెప్పింది. నేను గ్లాసులు ఏరుకుని లోపలికి వెళ్లాను.

ఎముకలు సర్దే ముసలాయన ఒకాయన నదికి అవతలి ఊరి నుంచి పనిగట్టుకుని వచ్చాడు. ఆయనకి చూపు ఆనదు. మా ఆయన చొక్కా విప్పించి భుజమంతా వేళ్లతో నొక్కి చూసి, "దీనికేం కాలేదే!" అన్నాడు. నేను పళ్లెంతో గుమ్మంలోనే ఆగాను. అంతలో మా ఆయన "అమ్మో!" అని ఒక్క అరుపు అరిచాడు. అందరూ గొల్లున నవ్వారు.

"తాతా, నీ వేళ్లు కూడా కళ్ల దారి పట్టాయి," అన్నారెవరో.

ఆ సాయంత్రం ఇనా ఫెరి కూడా ఉంది. లేచి వచ్చి నా చేతిలో పళ్లెం లాక్కుంది.

"నువ్వు కూర్చో అక్కా. మొగుడికి దెబ్బ తగిలితే పెళ్లానికి కూడా నొప్పిగానే ఉంటుంది," అంది అందరికీ వినబడేలా. మా ఆయనకి గ్లాసు అందిస్తూ, "పట్టుకోగలవా పాక్ పర్మిన్? పాపం, నోట్లో పొయ్యమంటావా? నొప్పి ఈ పూట కుడి వైపేనా, లేక సర్దుకుందా?"

జనం నవ్వారు. నియాస్ వాళ్ల నోరే అంత అనుకున్నారు. మా ఆయన నవ్వలేదు. వాళ్లు వెళ్లాక, "ఆవిడ్ని మనింటికి రానివ్వకు," అన్నాడు.

రానివ్వకపోవడం నాకు తప్పింది. మరుసటి వారమే సితోరుస్ ఇనా ఫెరి వాళ్లని నది అవతల మూడో డివిజనుకి మార్పించాడు. వెళ్లే రోజు పొద్దున ఆమె వెనక దోవన వచ్చి నా బట్టలన్నీ పిండి, తీగ మీద వేసి వెళ్లింది. "ఇదే ఆఖరి పిండుడు. చెయ్యి జాగ్రత్త," అంది. అంతకు మించి ఏం మాట్లాడుకోలేదు. నా భుజం విరిగిందని తెలిసి, నాతో ఆ మాట అనగలిగిన మనిషి లైనులో ఆమె ఒక్కతే.

నాలుగో వారం సోమవారం పొద్దున హాజరు దగ్గర అసిస్టెంటు మేనేజరు మా ఆయన్ని అరుగు మీదికి పిలిచాడు. ప్రమాదాల మీద అందరికీ పాఠం చెప్పాలట. కోత వాళ్లు ఎనభై మంది పచ్చ టోపీలతో నిలబడ్డారు. ఆడవాళ్లం కూడా వినాలని పిలిచారు. తోటలోకి వెళ్లకూడని వాళ్లం తోటలో ఎలా మెలగాలో వినడానికి వెనక వరసలో నిలబడ్డాం.

"చెప్పు పర్మిన్, నువ్వు చేసిన తప్పేంటి?" అన్నాడు అసిస్టెంటు.

ఆ ప్రశ్న నేను మూడు వారాలుగా ఆయన్ని మనసులో అడుగుతున్నదే.

మా ఆయన గొంతు సవరించుకున్నాడు. "నేను కోసిన గెల కింద నేనే నిలబడ్డాను సార్. చెట్టుకి పక్కగా నిలబడాలి. అదే నా తప్పు."

"విన్నారా? కోసేవాడు పక్కగా నిలబడాలి. అందరూ అనండి."

"పక్కగా నిలబడాలి!" అన్నారు ఎనభై మందీ.

"కేక?" అన్నాడు ముందు వరసలో ఒకడు. "కేక వెయ్యాలని కూడా చెప్పండి సార్."

"అతను ఒక్కడే ఉన్నాడు కదయ్యా. ఎవరి కోసం కేక వేస్తాడు?" అన్నాడు అసిస్టెంటు. నవ్వారు. మా ఆయన కూడా చిన్నగా నవ్వాడు.

అప్పుడర్థమైంది నాకు. ఆయన ఒక్కడే ఉన్న చోట కేక వెయ్యకపోవడం తప్పు కాదు. ఆ రోజు పదిహేడో బ్లాకులో నేను లేనప్పుడు ఆయన నాకేమీ చెయ్యలేదు. తనకి తను దెబ్బ తగిలించుకున్న మనిషి తప్పొప్పుకున్నాడు, అందరూ చప్పట్లు కొట్టారు. అయిపోయింది.

ఆ వారమే మా వరసల్లో గెలలు కుళ్లడం మొదలైంది. సితోరుస్ ఇంటికొచ్చాడు.

"చూడు పర్మిన్, నీ వరసలు ఖాళీగా ఉంటే వేరే జంటకి ఇచ్చెయ్యమంటారు. ఇస్తే తిరిగి రావు. తెల్లారకముందే, అడవి వైపు నుంచి వెళ్లి కోసెయ్యి. ఎవరైనా అడిగితే బయటి మనిషిని పెట్టానని చెబుతా."

"మోత?" అన్నాడు మా ఆయన.

"నువ్వు లోపలే ఉండు. రోడ్డు మీద మాత్రం కనబడకు. పట్టీ వేసుకుని ఇంట్లో ఉండాల్సినవాడివి బండి తోస్తూ కనబడితే ఇంక నేనేం చెయ్యలేను." నా వైపు తిరిగాడు. "బు పర్మిన్, రోడ్డు దాకా నువ్వు తెస్తే చాలు. పలక ఒక్కటే. సగం సగం వేసుకో."

"ఇంకా రెండు వారాలుంది," అన్నాను.

"తెలుసమ్మా. జనవరి కూడా ఉంది. నేను మర్చిపోలేదు." అది ధైర్యం చెప్పాడో, గుర్తు చేశాడో.

మర్నాడు ఆయన చెట్ల మధ్య నలభై గెలలు కోశాడు. బండి నింపి, పలక దాకా తనే తోసుకొచ్చి, నాకు అప్పజెప్పి వెనక్కి చెట్లలోకి వెళ్లిపోయేవాడు. బాగున్న మనిషి దాక్కోవాలి, బాగోలేని మనిషి కనబడాలి. మూడు బండ్లు ఎలాగో దాటించాను. ఎడమ చేతి మీదే బరువంతా వేసి, కుడి చేత్తో పిడిని ఊరికే తాకి పట్టుకుని. నాలుగో బండిలో గెలలు సగం కంటే ఎక్కువే వేశాడు. లారీ హారను వినబడుతోంది. ఆయనకి తొందర.

పలక మధ్యలో చక్రం కుడి పక్కకి ఒరిగింది. ఒరిగే బండిని నిలబెట్టడానికి మనిషికి ఆలోచన అక్కర్లేదు, చెయ్యే వెళుతుంది. నా కుడి చెయ్యి వెళ్లింది. పాతిక రోజులుగా అతుక్కుంటున్నది ఒక్కసారిగా విడిపోవడం తెలిసింది. బండి, గెలలు, నేను, ముగ్గురం బోదెలో పడ్డాం. మా తోట బోదెల్లో నీళ్లు కాచిన టీ రంగులో ఉంటాయి. మెడ లోతు. చల్లగా హాయిగా కూడా అనిపించింది ఒక్క క్షణం.

ఆయన పరిగెత్తుకుంటూ వచ్చాడు. గట్టు మీద వంగి రోడ్డు వైపు ఒకసారి, వెనక్కి ఒకసారి చూశాడు.

"ఎవరైనా చూశారా?" అన్నాడు.

"లేదు," అన్నాను.

అప్పుడు నీళ్లలోకి దిగాడు. నన్ను గట్టు ఎక్కించాడు. తేలుతున్న గెలల్ని ఒక్కొక్కటే పైకి విసిరాడు, బండి లాగాడు. బలంగా ఉన్నాడు. మూడు వారాల విశ్రాంతి కదా. ఆ తర్వాత ఆ రోజు గురించి మేం మాట్లాడుకోలేదు. నిజానికి ఆ తర్వాత మేం పెద్దగా ఏం మాట్లాడుకోలేదు. అన్నం, నీళ్లు, వాన, అంతే. నా భుజం మీద ఎముక మొన చర్మం కిందికి పొడుచుకొచ్చింది, వేలితో తాకితే తెలిసేది. సెలెందాంగ్ నేనే కట్టుకోవడం నేర్చుకున్నాను. ఒక కొస పళ్లతో పట్టుకుని, రెండో కొస కిటికీ ఊచకి చుట్టి.

డిసెంబరు చివర్లో హలీం ఆయన్ని పరీక్ష చెయ్యాలి. అసిస్టెంటు కూడా కుర్చీ వేసుకుని కూర్చున్నాడు కాబట్టి అన్నీ సక్రమంగా జరిగాయి. ఆయన చొక్కా విప్పి నిలబడ్డాడు. హలీం నొక్కి చూశాడు, చెయ్యి తిప్పి చూశాడు.

"నొప్పి ఉందా?"

"వాన పడితే కొంచెం లాగుతుంది," అన్నాడు మా ఆయన.

నేను ఆయన మొహం చూశాను. అబద్ధం ఆడేటప్పుడు ఆయన ఎడమ కన్ను కొంచెం చిన్నదవుతుంది. కాలేదు.

"చాలా బాగా అతుక్కుంది," అన్నాడు అసిస్టెంటు. "విరిగిన జాడే లేదు. చూశావా, విశ్రాంతి తీసుకుంటే ఎలా ఉంటుందో. ఇంటావిడ బాగా చూసుకున్నట్టుంది."

"చూసుకుంది సార్," అన్నాడు ఆయన.

హలీం నన్ను గుమ్మం దాకా సాగనంపుతున్నట్టు వచ్చి, "ఓసారి మీరు విడిగా రండమ్మా," అన్నాడు పెదవులు కదపకుండా. వెళ్లలేదు. వెళ్లి ఏమని రాయించుకోను?

జనవరిలో వాన తగ్గింది. గెలలు కూడా. సితోరుస్ మాట తప్పే మనిషి కాదు, నా పేరు రాయించాడు. ఎరువుల గుంపుకి నలుగురు కావాలి, ఆరుగురం వచ్చాం. ఆసుపత్రి వరండాలో వరసగా నిలబెట్టారు. అసిస్టెంటు బల్ల దగ్గర. హలీం పక్కన. సితోరుస్ స్తంభానికి ఆనుకుని ఉన్నాడు.

కళ్లు చూశారు, నాలుక చూశారు. పది అడుగులు నడవమన్నారు. వంగి లేవమన్నారు. అన్నీ చేశాను.

"రెండు చేతులూ పైకి," అన్నాడు హలీం. అందరి వంకా చూసి అన్నాడు గానీ నా వంక చూడలేదు.

పన్నెండు చేతుల్లో పదకొండు పైకి లేచాయి. నా ఎడమ చెయ్యి చెవికి తాకింది. కుడిది భుజం ఎత్తు దాకా వచ్చి ఆగింది. ఇంకొంచెం తోశాను. వణికింది గానీ కదల్లేదు.

"ఆ చెయ్యేంటి?" అన్నాడు అసిస్టెంటు.

సితోరుస్ రేడియో తీసి మీటలు చూసుకుంటున్నాడు. హలీం ఫారం మీదికి వంగాడు. అందులో దానికో గడి ఉంటుంది కాబోలు.

"ఎప్పటి నుంచి?" అని అడిగాడు. కలం కాగితం మీద ఆనలేదు. నేనేం చెబితే అది రాస్తాడు. అది ఆయన గొంతులో తెలుస్తూనే ఉంది.

ఇల్లు గుర్తొచ్చింది. రెండు గదులు, వెనక నేను పెంచిన మిరప మొక్కలు. అర్థమైంది అన్న మా ఆయన మాట గుర్తొచ్చింది.

"పుట్టినప్పటి నుంచి," అన్నాను.

హలీం రాసుకున్నాడు. చాలా మెల్లగా రాశాడు.

"ఎరువు బస్తా ఎత్తలేవు," అన్నాడు అసిస్టెంటు, కోపం లేకుండానే. "ఈ చెయ్యి పెట్టుకుని ఎందుకొచ్చావమ్మా? తర్వాత ఎవరు?"

సితోరుస్ మెట్ల దాకా నా వెనకే వచ్చాడు. "బు పర్మిన్," అన్నాడు. తిరిగి చూశాను. తల దించుకుని మెట్ల దగ్గరే ఆగిపోయాడు. నేను ఇంటికి నడిచాను.

మధ్యాహ్నం ఆయన కోత నుంచి వచ్చాడు. సోయా గింజల టెంపే ముక్కలు వేయించి, పచ్చడి నూరి ఉంచాను. కాళ్లు కడుక్కుని చాప మీద కూర్చున్నాడు. సీజను అయిపోయింది కాబట్టి ఈ మధ్య తీరిగ్గా తింటున్నాడు.

"ఏమన్నారు?" అన్నాడు.

"తీసుకోలేదు."

"ఎందుకని? సితోరుస్ మాటిచ్చాడుగా."

"చెయ్యి పైకి లేవలేదు."

ఆయన ముద్ద నోటి దగ్గర ఆపి నా వంక చూశాడు.

"ఏ చెయ్యి?" అని అడిగాడు.

"కుడిది," అన్నాను, కొత్తగా పరిచయమైన మనిషికి చెప్పినట్టు.